పాత ఫోనునకు కంప్యూటరుతో మాట కలుపుట

డ్రైవరు అనగానే పేరేసంద్రవారికి లారీ నడుపువాడు జ్ఞప్తికి వచ్చును. 44వ జాతీయ రహదారి ప్రక్కన నివసించు మనకు అది సహజము. కాని చిక్కబళ్లాపురము, బాగేపల్లి, చింతామణి పట్టణములలో సెల్ ఫోనులు బాగుచేయు దుకాణములందు ఈ మాటకు వేరొక అర్థము కలదు. అక్కడ డ్రైవరు మనుష్యుడు కాదు. ఫోను చెప్పునది కంప్యూటరునకు తెలియునట్లు చేయు ఒక చిన్న ప్రోగ్రాము. అది లేనియెడల ఫోనును కంప్యూటరును ఒకే తీగకు తగుల్కొని యున్నను ఒకదానినొకటి ఎరుగవు. ఈ డ్రైవరులు ఎట్టివో, వానిని కంప్యూటరున నెలకొల్పుట ఎట్లో, అవి పనిచేయనప్పుడు దోషమును ఏ క్రమమున వెదకవలెనో ఈ వ్యాసమున తల్లిదండ్రులకు తెలియజేయ దలచితిమి.

పాఠశాల సంచికయందు ఇట్టి విషయమేల యని కొందరడుగవచ్చును. అందులకు రెండు కారణములు కలవు. 2020వ సంవత్సరము మార్చి నెలలో బడులు మూతపడినప్పుడు పిల్లలు పాఠములు ఫోనులందు వినవలసి వచ్చెను. అప్పు చేసియైనను ఫోను కొనిన యిండ్లు మన ప్రాంతమున పెక్కు కలవు. ఆ ఫోనులు నేడు పాతబడి, తెర పగిలియో, బ్యాటరీ దిగియో పెట్టెల అడుగున పడియున్నవి. వానిలో నున్నవి పాఠములు మాత్రమే కావు. ఆ రెండేండ్లలో మనలను విడిచిపోయిన పెద్దల ఛాయాచిత్రములు, వారి కంఠస్వరములు, పహణీల నకళ్లు, పిల్లల మొదటి మాటలు వానియందే యున్నవి. వేరొకచోట వాని ప్రతి లేదు. ఇది మొదటి కారణము.

రెండవ కారణము మన బాలురకు సంబంధించినది. పదవ తరగతి ముగించినవారిలో కొందరు ఫోను మరమ్మతు నేర్చుటకు దుకాణములలో చేరుచుందురు. అచ్చట చేతిపని అబ్బును గాని, ఆ పని ఏల అట్లు చేయవలెనో విడమరచి చెప్పుటకు యజమానికి తీరిక ఉండదు. తెరపై వచ్చు హెచ్చరికలన్నియు ఆంగ్లమున ఉండును. దుకాణమున మాట తెలుగో కన్నడమో అయియుండును. హెచ్చరిక అర్థము కాక “ఎస్” అని నొక్కినచో ఒక కుటుంబము పదేండ్లుగా దాచుకొన్నది క్షణములో తుడిచిపెట్టుకొని పోవచ్చును. పిల్లవాడు ఏ భాషలో ఆలోచించునో ఆ భాషలో కారణము తెలిసినప్పుడే వాని చేతికి జాగ్రత్త అలవడును.

తీగలో నేమున్నది

యు.ఎస్.బి. అనునది కంప్యూటరునకు ఇతర సాధనములను తగిలించుటకు ఏర్పడిన ఉమ్మడి పద్ధతి. అంతకు పూర్వము కీబోర్డునకు ఒక రంధ్రము, ప్రింటరునకు ఒకటి, మోడెమునకు ఇంకొకటి ఉండెడివి. ఇంటెల్, మైక్రోసాఫ్టు, ఐ.బి.ఎం., కాంపాక్, డెక్, ఎన్.ఇ.సి., నార్టెల్ అను ఏడు సంస్థలు కూడి ఒకే పద్ధతిని రూపొందించి 1996 జనవరిలో వెలువరించెను. ఇంటెల్ సంస్థలో ఈ కృషికి నాయకత్వము వహించినవారిలో ముఖ్యుడు అజయ్ భట్. ఆయన బరోడా మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయమున చదివినవాడు. 2000 ఏప్రిల్‌లో వెలువడిన రెండవ యు.ఎస్.బి. పద్ధతి సెకనుకు 480 మెగాబిట్ల వేగము గలది. మన పాత ఫోనులు పెక్కు ఈ రెండవ పద్ధతికి చెందినవే. ఫోను చివర నుండు చిన్న మొన మైక్రో యు.ఎస్.బి. 2007లోను, ఇరువైపుల ఎటు త్రిప్పినను సరిపోవు టైప్-సి మొన 2014లోను వచ్చెను.

రెండవ పద్ధతి కేబులును చీల్చి చూచినచో సాధారణముగ నాలుగు సన్నని తీగలు కనబడును. ఎర్రనిది 5 వోల్టుల విద్యుత్తును తెచ్చును. నల్లనిది దానిని తిరిగి కొనిపోవును. తెల్లనిది, ఆకుపచ్చనిది కలిసి సమాచారమును మోయును. చౌకగా దొరకు కొన్ని కేబులులలో ఈ తెల్లని, ఆకుపచ్చని తీగలు అసలే ఉండవు. అట్టి కేబులుతో ఫోను ఛార్జి అగును గాని కంప్యూటరు దానిని చూడజాలదు. “ఛార్జి అగుచున్నది గదా, కేబులు బాగుగనే యున్నది” అను తర్కము ఇందువలననే చెల్లదు. ఛార్జి అగుట ఎర్ర నల్ల తీగలకు సాక్ష్యమే గాని తెల్ల పచ్చ తీగలకు సాక్ష్యము కాదు. డ్రైవరు కొరకు గంటల తరబడి వెదకుటకు మున్ను, పనిచేయుచున్న వేరొక ఫోనును అదే కేబులుతో తగిలించి చూడవలెను. ఇది ఈ పాఠమున మొదటి సూత్రము.

డ్రైవరు ఒక దుభాషి

తాలూకా కచేరికి పోయిన మన వృద్ధులలో కన్నడము రానివారు దుభాషిని వెంటబెట్టుకొని పోవుదురు. వృద్ధునికి చెప్పవలసినది కలదు, అధికారికి వినవలెనని కలదు. నడుమ మాట తెలిసినవాడు కావలెను. డ్రైవరు చేయు పని అదియే. ఒక్కొక్క ఫోను తయారీదారుడు తన ఫోను ఏ విధముగ ఉత్తరము చెప్పవలెనో తానే నిర్ణయించుకొనెను. కంప్యూటరును నడుపు విండోస్ వ్యవస్థకు ఆ పలుకులన్నియు పుట్టుకతో రావు. తెలియని పలుకునకు దుభాషిని మనమే తెచ్చి యీయవలెను.

ఫోనును తగిలించినప్పుడు జరుగునది ఇది. ఫోను తన సమాచారపు తీగలలో ఒకదానియందు వోల్టేజిని పైకి లేపును. దానివలన ఎవరో తలుపు కడకు వచ్చిరని కంప్యూటరు గ్రహించును. పిదప “నీ వెవరవు?” అని ప్రశ్నించును. ఫోను రెండు సంఖ్యలు చెప్పును. మొదటిది తయారీదారుని సంఖ్య, రెండవది ఆ వస్తువు సంఖ్య. తయారీదారుని సంఖ్యను యు.ఎస్.బి. సంస్థల సంఘము కేటాయించును. నోకియాకు 0421, ఎల్.జి.కి 1004, శాంసంగునకు 04ఇ8 అను సంఖ్యలు కలవు. ఇవి పదునారు అంకెల లెక్కలో వ్రాయబడినవి గనుక అంకెల నడుమ ‘ఎ’ మొదలు ‘ఎఫ్’ వరకు ఆంగ్లాక్షరములు కూడ వచ్చును.

ఆ సంఖ్యలు విన్న కంప్యూటరు తనకడ నున్న డ్రైవరుల పట్టికలో వెదకును. సర్వే సంఖ్య చెప్పినచో పహణీ పుస్తకమున పుట తీసినట్లే ఇదియును. డ్రైవరునందు ముఖ్యముగ మూడు ఫైలులుండును. ‘ఇన్ఫ్’ అను ఫైలు పట్టిక వంటిది. ఏ సంఖ్యకు ఏ ప్రోగ్రాము చెల్లునో అందుండును. ‘సిస్’ అను ఫైలు అసలు దుభాషి. ‘క్యాట్’ అను ఫైలు ముద్ర వంటిది. ఈ డ్రైవరును ఎవరు చేసిరో, తరువాత ఎవరును మార్చలేదో లేదో అది తెలుపును. పట్టికలో సంఖ్య లేకున్న దుభాషి యున్నను పని జరుగదు. ముద్ర లేకున్న నేటి విండోస్ లోనికి రానీయదు.

ఇంకొక సంగతి. ఒకే ఫోను వేర్వేరు వేళల వేర్వేరు రూపములు దాల్చును. ఛాయాచిత్రములు పంపునప్పుడు ఒక రూపము, మోడెముగ పనిచేయునప్పుడు ఒకటి, మరమ్మతుదారుని పరీక్షలకు ఒకటి, ఆపివేసిన స్థితిలో ఇంకొకటి. రూపము మారినప్పుడు పెక్కు ఫోనులలో వస్తువు సంఖ్య కూడ మారును. కనుక ఒక రూపమునకు డ్రైవరు పనిచేసినంత మాత్రమున తక్కిన రూపములకు కూడ పనిచేయునని అనుకొనరాదు.

నెలకొల్పు క్రమము

మొదట ఫోను మోడలును తెలిసికొనవలెను. బ్యాటరీ ఊడదీయదగిన ఫోనులలో బ్యాటరీ క్రింద అంటించిన చీటిపై అది ముద్రింపబడి యుండును. బ్యాటరీ ఉబ్బియున్నచో అచ్చటనే ఆగవలెను. ఉబ్బిన లిథియము బ్యాటరీకి విద్యుత్తునిచ్చుట అగ్నితో ఆడుట వంటిది. దానిని మార్చిన పిమ్మటనే పని సాగింపవలెను.

రెండవది, మెమరీ కార్డును చూడవలెను. పాత కీప్యాడు ఫోనులలో ఛాయాచిత్రములు పెక్కుసారులు కార్డులోనే యుండును. కార్డును తీసి కార్డు రీడరునందు పెట్టినచో ప్రత్యేకమైన డ్రైవరుతో పనిలేకయే అవి కనబడును. సులభమైన త్రోవ ఉండగా కష్టమైన త్రోవ తొక్కవలసిన పనిలేదు.

మూడవది, కంప్యూటరులోని విండోస్ ఏది, అది 32 బిట్లదా 64 బిట్లదా అని చూడవలెను. ఒకదాని డ్రైవరు మరియొకదానికి చెల్లదు. విండోస్ ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్ 8న, విండోస్ 7కు 2020 జనవరి 14న, విండోస్ 10కి 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్టు సాధారణ పోషణము ముగిసెను. పాత ఫోనుల పనికి పాత విండోస్ ఉపకరించుట వాస్తవమే. అట్టి కంప్యూటరును ఇంటర్నెట్టునకు తగిలింపక వేరుగ ఉంచుకొనుట మేలు.

నాలుగవది, డ్రైవరును ఫోను తయారీదారుని నుండియో, లోపలి చిప్పు తయారీదారుని నుండియో, మైక్రోసాఫ్టు వారి అప్‌డేట్ భాండారము నుండియో తెచ్చుకొనవలెను. ‘అన్ని ఫోనులకు ఒకే డ్రైవరు’ అని ఊరించు మూటలలో దొంగ ప్రోగ్రాములు దాగియుండవచ్చును. “ముందుగ ఆంటీవైరసును ఆపివేయుము” అని ఏ మూటయైనను ఆజ్ఞాపించినచో ఆ మూటను విప్పకుండుటయే వివేకము.

ఐదవది, తయారీదారుడు ఇచ్చిన స్థాపక ప్రోగ్రామును సాధారణముగ ఫోనును తగిలింపక మున్నే నడుపవలెను. ముందే తగిలించినచో విండోస్ తనకు తోచిన వేరొక డ్రైవరును జతపరచి కూర్చుండవచ్చును. స్థాపనము ముగిసిన పిదప కంప్యూటరును ఒకసారి ఆపి మరల నడుపవలెను.

ఆరవది, కేబులును కంప్యూటరు వెనుకనున్న రంధ్రమునకే తగిలింపవలెను. ముందువైపు రంధ్రములు లోపల పొడవైన తీగపై ఆధారపడి యుండుటచే కొన్నిచోట్ల బలహీనముగ నుండును. ఒకే రంధ్రమును నాలుగుగా చీల్చు హబ్బును ఈ పనికి వాడరాదు.

ఏడవది, ఫోను తాళము తీసి, దానిపై వచ్చు ప్రశ్నకు ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ అని ఉత్తరమీయవలెను. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 మొదలుకొని, తగిలించినంతనే ఫోను ఛార్జి మాత్రమే చేసికొనును. మనము అనుమతించిననే లోపలిది చూపును. డ్రైవరు లేదని జనులు తలచు సందర్భములలో కొన్నిటికి కారణము ఈ ఒక్క ప్రశ్నకు ఉత్తరమీయకపోవుటయే.

దోషమును వెదకు క్రమము

వైద్యుడు నాడి చూడక మందీయడు. అట్లే కంప్యూటరు ఏమి చెప్పుచున్నదో చూడక డ్రైవరులను మార్చుట తగదు. ‘స్టార్ట్’ గుర్తుపై మౌసు కుడి మీటను నొక్కి ‘డివైస్ మేనేజర్’ అను పట్టికను తెరువవలెను. ఫోనును తగిలించినప్పుడు ఆ పట్టికలో చలనము కలుగుచున్నదో లేదో గమనింపవలెను. ఏ చలనమును లేకున్నచో డ్రైవరు ప్రసక్తియే లేదు. కేబులో, రంధ్రమో, ఫోను మొనయో చెడినది. ఫోను మొనలో చేరిన దుమ్మును, ఫోను ఆపి, పొడి కుంచెతో మెల్లగ తీసినంతనే బాగుపడుట కలదు.

పట్టికలో పసుపుపచ్చని త్రికోణము కనబడినచో దానిపై రెండుసార్లు నొక్కవలెను. అప్పుడొక సంఖ్య వచ్చును. ఆ సంఖ్యయే నాడి.

కోడ్ 28 అనగా డ్రైవరు లేదు. అప్పుడు ‘డీటెయిల్స్’ పుటలో ‘హార్డ్‌వేర్ ఐడీస్’ అను చోట పైన చెప్పిన రెండు సంఖ్యలు కనబడును. వానిని కాగితముపై వ్రాసికొని, ఆ సంఖ్యలు గల డ్రైవరునే తేవలెను. డ్రైవరు దొరికిన పిదప ‘అప్‌డేట్ డ్రైవర్’ అనుదానిని నొక్కి, కంప్యూటరులో తామే వెదకెదమని చెప్పి, ఆ ఫైలులున్న సంచిని చూపవలెను.

కోడ్ 10 అనగా డ్రైవరు ఉన్నది గాని పని మొదలిడలేకున్నది. పాత డ్రైవరును తొలగించి, కంప్యూటరును మరల నడిపి, సరియైనదానిని స్థాపింపవలెను. ‘వ్యూ’ అను చోట ‘షో హిడెన్ డివైసెస్’ అనుదానిని నొక్కినచో మునుపెన్నడో తగిలించిన ఫోనుల నీడలు బూడిదరంగున కనబడును. అదే ఫోనునకు చెందిన పాత నీడలను తొలగించుటయు మేలు చేయును.

కోడ్ 43తో పాటు ‘డివైస్ డిస్క్రిప్టర్ రిక్వెస్ట్ ఫెయిల్డ్’ అని వచ్చి, తయారీదారుని సంఖ్య 0000 అని కనబడినచో, “నీ వెవరవు?” అను ప్రశ్నకు ఫోను సరిగ ఉత్తరమీయలేదని అర్థము. పేరే చెప్పలేనివానికి దుభాషిని తెచ్చి ప్రయోజనము లేదు. ఇచ్చట ఎన్ని డ్రైవరులు మార్చినను ఫలితముండదు. కేబులును, రంధ్రమును, ఫోను మొనను పరీక్షింపవలెను.

కోడ్ 52 అనగా ముద్ర సరిగ లేదు. 64 బిట్ల విండోస్ విస్టా కాలము నుండి ముద్ర లేని డ్రైవరులకు ప్రవేశము నిషేధింపబడెను; 2016లో విండోస్ 10 ఈ నియమమును మరింత బిగించెను. ఈ తనిఖీని ఒక్క పర్యాయమునకు ఆపివేయు సదుపాయము కంప్యూటరు ప్రారంభపు ఎంపికలలో కలదు. కంప్యూటరును మరల నడిపినంతనే తనిఖీ తిరిగివచ్చును. మరమ్మతు కొరకే ప్రత్యేకించిన కంప్యూటరున, నమ్మదగిన డ్రైవరు కొరకు మాత్రమే దీనిని వాడవలెను. బ్యాంకు పనులు చేసికొను ఇంటి కంప్యూటరున వాడరాదు.

సంఖ్య ఏదియు లేక, ఫోను పేరు కనబడుచుండియు లోపలి చిత్రములు కనబడనిచో, ‘అప్‌డేట్ డ్రైవర్’ లోనికి పోయి, ఉన్న పట్టికలో నుండి ‘ఎం.టి.పి. యు.ఎస్.బి. డివైస్’ అనుదానిని ఎంచి చూడవలెను. ఇది విండోస్‌లోనే యుండు దుభాషి, తెచ్చుకొన నక్కరలేదు. ‘ఎన్’ అను అక్షరము గల విండోస్ తరగతులలో మాత్రము ‘మీడియా ఫీచర్ ప్యాక్’ను వేరుగ చేర్చవలెను.

తప్పు విండోసుదా ఫోనుదా యని సందేహము తీరనప్పుడు ఒక చక్కని పరీక్ష కలదు. లినక్స్ అను ఉచిత వ్యవస్థను పెన్ డ్రైవున నింపి, దానినుండి కంప్యూటరును నడిపి, ఫోనును తగిలింపవలెను. అచ్చట ‘ఎల్.ఎస్.యు.ఎస్.బి.’ అను ఆజ్ఞ నిచ్చినచో తగిలిన వస్తువుల సంఖ్యలన్నియు వరుసగ వచ్చును. ఫోను సంఖ్య అందు కనబడినచో ఫోను, కేబులు బాగుగనే యున్నవి; దోషము విండోస్ డ్రైవరుది. కనబడనిచో దోషము ఇవతలిది.

పాత కేబులులు, నకిలీ చిప్పులు

ఇంకను పాతవైన ఫోనులలో యు.ఎస్.బి. లేనే లేదు. వాని కొరకు చేసిన కేబులులలో, మొన లోపల ఒక చిన్న చిప్పు కూర్చుండి, పాతకాలపు సీరియల్ పలుకును యు.ఎస్.బి.లోనికి మార్చును. అనగా ఇచ్చట డ్రైవరు ఫోనునకు కాదు, కేబులునకు. ప్రొలిఫిక్ వారి పి.ఎల్.2303 అను చిప్పు ఇట్టి కేబులులలో విరివిగ వాడబడెను. దానికి నకిలీలును పెక్కు పుట్టెను. ఆ చిప్పు పాత రకములను సంస్థ 2012లో విరమించెను. కొత్త డ్రైవరు నేడు వానిని గుర్తించి పనిచేయ నిరాకరించి, ఆ సంగతిని పేరుగ చూపును, లేక కోడ్ 10 చూపును. అట్టి వేళ కొత్త డ్రైవరే మంచిదను మాట చెల్లదు. ఆ చిప్పునకు సరిపోవు పాత డ్రైవరునే ఎంచుకొనవలెను.

నకిలీల విషయమున 2014 అక్టోబరులో ప్రపంచమంతట ఒక అలజడి కలిగెను. ఎఫ్.టి.డి.ఐ. అను సంస్థ డ్రైవరు ఒకటి విండోస్ అప్‌డేట్ ద్వారా కంప్యూటరులలోనికి వచ్చి, తమ చిప్పునకు నకిలీలైన వాని వస్తువు సంఖ్యను 0000గా మార్చివేసెను. చిప్పు బ్రతికియే యున్నను, పేరు పోయినందున ఏ కంప్యూటరును దానిని గుర్తింపలేకపోయెను. నకిలీ యని తెలియక కొనినవారు నష్టపడిరి. విమర్శలు రాగా ఆ డ్రైవరు ఉపసంహరింపబడెను. సంఖ్య యొక్క విలువ ఎంతటిదో ఈ వృత్తాంతము వలన తెలియుచున్నది.

ఒకప్పుడు మన యిండ్లలో ఎక్కువగ నుండిన నోకియా ఫోనులకు ‘పి.సి. సూట్’ అను ప్రోగ్రాముతోనే డ్రైవరులు వచ్చెడివి. నోకియా ఫోను వ్యాపారము 2014 ఏప్రిల్‌లో మైక్రోసాఫ్టు చేతికి పోయెను. శ్రీపెరంబుదూరులోని కర్మాగారమున ఉత్పత్తి అదే ఏడు నవంబరు 1 నుండి నిలిచిపోయెను. తయారీదారుడు తప్పుకొన్న ఫోనునకు డ్రైవరు దొరకుట నానాటికి కష్టమగును. బ్లూటూత్ గల నోకియా ఫోనులనుండి పేర్లు, సంఖ్యలు, చిత్రములు మరియొక ఫోనునకు తీగ లేకయే పంపవచ్చును. అది నెమ్మదియైన త్రోవయే, కాని దానికి డ్రైవరు వెదకులాట లేదు.

మేలుకొనని ఫోను

పూర్తిగ ఆగిపోయిన ఫోనును తగిలించినప్పుడు డివైస్ మేనేజర్‌లో ఒక పేరు రెండు మూడు క్షణములు కనబడి మాయమగుట కలదు. మీడియాటెక్ చిప్పు గల ఫోనులలో అది ‘ప్రీలోడర్’ అను స్థితి. ఆ కొద్ది క్షణములే దాని స్వభావము, దోషము కాదు. క్వాల్‌కామ్ చిప్పు గలవి మిక్కిలి చెడినప్పుడు 9008 అను వస్తువు సంఖ్యతో కనబడును. ఈ స్థితులకు ప్రత్యేక డ్రైవరులు కావలెను. ఫోను ఇంకను ఏదో ఒక సంఖ్య చెప్పుచున్నదనగా ఆశ కలదు.

కాని ఈ స్థితిలోనే ప్రమాదమును కలదు. ఇచ్చట ఫోను వ్యవస్థను క్రొత్తగ ఎక్కించు ప్రోగ్రాములలో ‘ఫార్మాట్ ఆల్’ అను మీట యుండును. అది లోపలి చిత్రములతో పాటు సమస్తమును తుడిచివేయును. కొన్ని ఫోనులలో వాని గుర్తింపు సంఖ్య కూడ పోవును. కనుక ఫోనును దుకాణమున ఇచ్చునప్పుడు, “ఫోను బాగుపడకున్నను సరే, లోపలి చిత్రములు పోరాదు” అని స్పష్టముగ చెప్పి, చీటిపై వ్రాయించుకొనవలెను. మరమ్మతుదారునికి ఈ రెండు పనులును వేరు. చెప్పనిదే వానికి మన కోరిక తెలియదు.

తెర పనిచేయక, తాకినను పలుకని ఫోనునకు ఒక ఉపాయము కలదు. ఓ.టి.జి. అను చిన్న మొన ద్వారా మామూలు మౌసును ఫోనునకు తగిలించినచో, పెక్కు ఆండ్రాయిడ్ ఫోనులలో తెరపై బాణపు గుర్తు కదలును. దానితో తాళము తీసి, చిత్రములు తీసికొనవచ్చును. చిత్రములు కనబడునంత తెర మిగిలియున్న ఫోనులకే ఇది చెల్లును.

తాళపు సంఖ్య మరచినచో మాత్రము ఏ డ్రైవరును సహాయపడదు. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10తో వెలువడిన ఫోనులన్నిటియందును లోపలి సమాచారము గూఢలిపిలో నుండవలెనను నియమము కలదు. సంఖ్య లేనిదే అది విప్పబడదు. తాళము తీసెదము, చిత్రములును నిలిపెదమని ఎవరైనను పలికినచో ఆ మాటను నమ్ముటకు ముందు బాగుగ విచారింపవలెను. ఇంట వృద్ధుల ఫోను తాళపు సంఖ్యను నమ్మకమైన ఒకరికి తెలిపి యుంచుటయే దీనికి నివారణ.

చట్టము, నమ్మకము

ప్రతి ఫోనునకు 15 అంకెల ఐ.ఎం.ఇ.ఐ. సంఖ్య కలదు, *#06# అని నొక్కినచో కనబడును. పైన చెప్పిన డ్రైవరులే చేతనుండగా, దుర్బుద్ధి గలవారు ఈ సంఖ్యను మార్చుటయు కలదు. 2023 టెలికమ్యూనికేషన్స్ చట్టము ప్రకారము ఇట్టి గుర్తింపు సంఖ్యలను చెరుపుట, మార్చుట నేరము. మూడేండ్ల వరకు కారాగారము గాని, 50 లక్షల రూపాయల వరకు జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. దుకాణమున పని నేర్చు బాలుడు “యజమాని చెప్పెను, నేను చేసితిని” అని తప్పించుకొనజాలడు. ఈ మాట తల్లిదండ్రులు పిల్లలకు ముందుగనే చెప్పవలెను.

పాత ఫోను కొనువారు ‘కె.వై.ఎం.’ అను ఆంగ్లాక్షరములు వ్రాసి, ఖాళీ విడిచి, ఆ 15 అంకెలను 14422కు సందేశముగ పంపినచో ఆ ఫోను వివరములు తెలియును. దొంగిలింపబడిన ఫోనును 2023 మే నెలలో ప్రారంభమైన సంచార్ సాథీ ద్వారా నిలుపుదల చేయింపవచ్చును. ఫోను కొనినప్పటి రసీదును భద్రపరచుట రెండు విధముల మేలు.

మరమ్మతు అనగా నమ్మకపు వృత్తి. మరమ్మతుదారుని చేతిలో పెట్టునది ఒక యింటి లోపలి గదివంటిది. ఆ గదిలో కనబడినది బయట చెప్పరాదని, అవసరమైనదానికంటె ఎక్కువ తెరువరాదని, తన కంప్యూటరులో మిగిలిన నకళ్లను పని ముగియగనే తొలగింపవలెనని పిల్లలకు చేతిపనితో పాటే నేర్పవలెను. డ్రైవరులు ఏటేట మారును. ఈ నియమము మారదు.

తల్లిదండ్రులకు విన్నపము

పెట్టెలలో నున్న పాత ఫోనులను ఈ సెలవులలో వెలికి తీయుడు. బ్యాటరీ ఉబ్బినవానిని ముందు వేరు చేయుడు. తక్కినవానిలో మెమరీ కార్డు గలవానిని మొదట, తాళపు సంఖ్య తెలిసినవానిని తరువాత, ఆగిపోయినవానిని చివర పరీక్షించుడు. చిత్రములు దొరికినచో రెండు వేర్వేరు చోట్ల ప్రతులుంచుడు. ఒక్క ప్రతి మాత్రమే యున్నది లేనిదానితో సమానము. ఫోను పనికిరాదని తేలినచో దానిని చెత్తకుప్పలో వేయక ఎలక్ట్రానిక్ వ్యర్థములు సేకరించువారికి ఇయ్యుడు.

ఉన్నత తరగతుల పిల్లలను ఈ పనిలో ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. కోడ్ సంఖ్యను చూచి, అర్థమును తెలుగున చెప్పి, పిమ్మటనే మీట నొక్కవలెనని వారిని నియమింపుడు. కారణము చెప్పగలిగినవాడే పని నేర్చినవాడు.

చివరిగ ఒక మాట. వెలికి వచ్చిన ప్రతి చిత్రమునకు కంప్యూటరు ఒక సంఖ్యనే పేరుగ నుంచును. ఆ సంఖ్యను చెరిపి, చిత్రములోనివారి పేరు, ఊరు, వరుస తెలుగున వ్రాయుడు. అవ్వ పేరు, తాత ఊరు తెలిసినవారు ఇంట నుండగనే ఈ పని జరుగవలెను. ఫోను తన సంఖ్యను మరల చెప్పగలదు. చిత్రములోని మనుష్యుని పేరు చెప్పుటకు మనము తప్ప వేరు దుభాషి లేడు.